త్రిశంకు స్వర్గాలు: సైన్స్ ఫిక్షన్‌లో లోపమున్న ఆదర్శలోకాలు

లోపమున్న ఆదర్శలోకం సైన్స్ ఫిక్షన్‌లో బాగా పాతుకుపోయిన కథావస్తువు. పైకి చూస్తే ఆ లోకంలో ఆకలి ఉండదు, యుద్ధం ఉండదు, రోగం ఉండదు. వీధులు అద్దంలా ఉంటాయి, యంత్రాలు చెప్పిన పని చేస్తాయి. కథ సగానికి వచ్చేసరికి ఆ సుఖానికి మూల్యం ఎవరు చెల్లిస్తున్నారో బయటపడుతుంది. ‘యుటోపియా’ అనే మాటను 1516లో ఇంగ్లండుకు చెందిన థామస్ మోర్ తన లాటిన్ గ్రంథానికి పేరుగా పెట్టాడు. గ్రీకు మూలాన్ని బట్టి దానికి ‘ఎక్కడా లేని చోటు’ అని అర్థం. పలికేటప్పుడు ‘మంచి చోటు’ అన్నట్టు కూడా వినిపిస్తుంది. మంచి చోటు తిరగబడి పీడకలగా మారితే అది డిస్టోపియా.

ఈ రెండింటికీ నడుమ ఉండే స్థితికి తెలుగులో ఎప్పటినుంచో ఒక పేరుంది: త్రిశంకు స్వర్గం. బొందితో స్వర్గానికి పోవాలన్న త్రిశంకుణ్ణి విశ్వామిత్రుడు తన తపశ్శక్తితో పైకి పంపాడు. ఇంద్రుడు కిందికి తోసేశాడు. పడిపోతున్న వాణ్ణి మధ్యలో ఆపి, విశ్వామిత్రుడు అక్కడే కొత్త నక్షత్రాలతో మరో స్వర్గం కట్టడానికి పూనుకున్నాడు. ఆ స్వర్గంలో త్రిశంకుడికి చోటు దొరికింది, కానీ తలకిందులుగా. శక్తి చాలినంత ఉండీ, పట్టుదల కావలసినంత ఉండీ, కట్టిన లోకం మాత్రం తలకిందులుగా నిలవడం ఈ కథలన్నింటికీ మూలరూపం అనుకోవచ్చు.

ఈ వ్యాసం ఆ కథలను నల్లగొండ జిల్లా కేతేపల్లి వైపు నుంచి చూస్తుంది. హైదరాబాద్–విజయవాడ జాతీయ రహదారి మీద నకిరేకల్‌కూ సూర్యాపేటకూ మధ్య ఉన్న మండల కేంద్రం ఇది. ఈ మండలంలోని సోలిపేట దగ్గర మూసీ ప్రాజెక్టు ఉంది. ఎగువన హైదరాబాద్ మహానగరం వాడి వదిలిన నీరు వచ్చి ఆగేది ఇక్కడే. అందుకే ఏ ఆదర్శనగరం గురించి చదివినా ఇక్కడి పాఠకుడు ముందుగా అడగాల్సిన ప్రశ్న ఒకటుంది: ఆ నగరం మురుగు ఎటు పోతుంది, దిగువన ఎవరుంటారు? మోర్ గ్రంథంలోనే దీనికి సగం జవాబు దొరుకుతుంది. అతని యుటోపియాలో పౌరులు పశువులను వధించరు. ఆ పని వాళ్ల మనసును మొరటుబారుస్తుందని భయం. ఊరి బయట, పారే నీటి పక్కన బానిసలు కోసి, నెత్తురు కడిగి, శుభ్రమైన మాంసాన్ని ఊళ్లోకి పంపుతారు. ఆ నీళ్లు తర్వాత ఏ ఊరి మీదుగా పోయాయో మోర్ రాయలేదు.

ప్రయోగం తెలిసి ఉపసంహారం తెలియకపోతే

పురాణ కథలు సైన్స్ ఫిక్షన్ కావు. అప్పట్లోనే విమానాలున్నాయని వాదించడం పురాణానికీ మేలు చేయదు, విజ్ఞానానికీ మేలు చేయదు. అయినా చేతికందిన శక్తిని మనిషి ఏం చేస్తాడన్న ఆలోచన తెలుగు పాఠకుడికి ముందుగా పరిచయమైంది ఈ కథల్లోనే. ‘భస్మాసుర హస్తం’ అనే జాతీయాన్ని వాడటానికి భాగవతం చదివి ఉండనక్కరలేదు.

పోతన భాగవతం సప్తమ స్కంధంలో త్రిపురాల కథ ఉంది. మయుడు అసురుల కోసం ఇనుముతో, వెండితో, బంగారంతో మూడు పురాలు కట్టాడు. అవి ఆకాశంలో తిరుగుతాయి, శత్రువు కంటికి ఆనవు. లోపల సిద్ధరసం నిండిన బావి ఉంది. చచ్చినవాణ్ణి అందులో వేస్తే లేచి కూర్చుంటాడు. చావు లేని ఊరు, దాడి సోకని ఊరు. లోపలివాళ్లకు అది పరిపూర్ణ లోకమే. ఆ పురాల్లో కూర్చుని వాళ్లు కింది లోకాలను చిత్రవధ చేశారు. చివరికి ఆ బావిని ఖాళీ చేసింది ఆవూ దూడా: ఆవుగా విష్ణువు, దూడగా బ్రహ్మ వెళ్లి రసమంతా తాగేశారు. ఆ తర్వాతే శివుడి బాణం పనిచేసింది.

ఇంతకన్నా పదునైనది మహాభారతం సౌప్తిక పర్వంలోని ఘట్టం. అశ్వత్థామ అస్త్రం వేశాడు, అర్జునుడూ వేశాడు. లోకం తగలబడుతుందని వ్యాస నారదులు అడ్డు నిలిచి ఇద్దరినీ వెనక్కి తీసుకొమ్మన్నారు. అర్జునుడు తీసుకోగలిగాడు. అశ్వత్థామకు ప్రయోగం తెలుసు, ఉపసంహారం చేతకాలేదు. ఆపలేని అస్త్రాన్ని పాండవ స్త్రీల గర్భాల మీదికి మళ్లించాడు. సాంకేతిక శక్తి దుర్వినియోగాన్ని ఇంత సూటిగా చెప్పిన ఘట్టం పాశ్చాత్య సైన్స్ ఫిక్షన్‌లో కూడా అరుదు. మొదలుపెట్టిన దాన్ని ఆపడం తెలియనివాడు దాని బరువును ఎదురుతిరగలేని వాళ్ల మీదికి తోసేస్తాడు. 2024లో వచ్చిన ఒక తెలుగు సినిమా సరిగ్గా ఈ ఘట్టంతోనే మొదలవుతుంది. దాని సంగతి తర్వాత వస్తుంది.

గల్లివర్, సత్యరాజు, సుల్తానా

జోనాథన్ స్విఫ్ట్ 1726లో రాసిన గల్లివర్ యాత్రల మూడో భాగంలో లపూటా అనే తేలే దీవి ఉంది. అయస్కాంత బలంతో కదిలే ఆ దీవి మీద రాజూ, గణితంలో మునిగిపోయిన పండితులూ ఉంటారు. కింద నేల మీద ఏ ఊరైనా ఎదురుతిరిగితే, దీవిని సరిగ్గా ఆ ఊరి నెత్తిన నిలిపి ఎండా వానా తగలకుండా చేస్తారు. అప్పటికీ లొంగకపోతే రాళ్లు దొర్లిస్తారు. వానను ఆపగలవాడే రాజు అన్న ఆలోచన, చెరువులు నిండితేనే పొలాలు పండే తెలంగాణ మెట్టప్రాంతాలకు వివరించి చెప్పనక్కరలేదు.

స్విఫ్ట్ ప్రభావంతో కందుకూరి వీరేశలింగం (1848–1919) ‘సత్యరాజా పూర్వదేశ యాత్రలు’ రాశాడు. దాన్ని సైన్స్ ఫిక్షన్ అనలేం. అందులో యంత్రాల ప్రస్తావన ముఖ్యం కాదు. కానీ తెలుగు వచనంలో ఊహాలోకాన్ని కట్టి, దాని ద్వారా ఉన్న లోకాన్ని నిలదీసిన తొలి గట్టి ప్రయత్నం అదే. కథానాయకుడు చేరిన ఆడుమళయాళంలో పెత్తనమంతా స్త్రీలది. ఇక్కడ ఆడవాళ్లకు ఏమేం నిషేధించారో అక్కడ మగవాళ్లకు అవన్నీ నిషేధం. చదువుతున్న మగవాడికి మొదట నవ్వొస్తుంది, కాసేపటికి ఊపిరాడదు. 1881 డిసెంబరు 11న రాజమహేంద్రవరంలో మొదటి వితంతు వివాహం జరిపించిన మనిషి రాసిన పుస్తకం అది. వాదనతో కదలని వాళ్లను తలకిందుల లోకంతో కదిలించాలని చూశాడు.

దీనికి తోడు చదవాల్సిన కథ రొకేయా సఖావత్ హుసేన్ రాసిన ‘సుల్తానాస్ డ్రీమ్’. 1905లో మద్రాసు నుంచి వెలువడే ‘ఇండియన్ లేడీస్ మ్యాగజైన్’లో అచ్చయింది. ఆ పత్రికను 1901లో స్థాపించి నడిపిన కమలా సత్తియనాథన్ తెలుగు కుటుంబంలో పుట్టిన స్త్రీ. కథలోని నారీదేశంలో స్త్రీల విశ్వవిద్యాలయాలున్నాయి. ఒకటి మేఘాల నుంచి గొట్టాలతో నీరు దించుకునే పద్ధతి కనిపెట్టింది, మరొకటి ఎండ వేడిని పోగుచేసే విద్య సాధించింది. వంట ఎండతోనే. యుద్ధం వచ్చినప్పుడు శత్రువును తరిమింది కూడా పోగేసిన ఎండే. అచ్చం మన కరవు జిల్లాల కల ఇది: వాన కోసం ఆకాశం వంక చూడక్కరలేదు, పొయ్యిలోకి కట్టె ఏరుకురానక్కరలేదు. మరి లోపం? మగవాళ్లు నాలుగు గోడల మధ్య ఉండిపోయారు. గోడ పోలేదు, లోపలి మనుషులు మారారు. రొకేయా ఇది తెలిసే రాసిందని నా నమ్మకం. జనానాలో పెరిగిన మనిషికి గోడ బరువు ఎంతో తెలియకుండా ఉండదు.

భూమి కింద ఎవరున్నారు

సైన్స్ ఫిక్షన్‌గా మనం గుర్తించే రూపం పంతొమ్మిదో శతాబ్దంలో కుదురుకుంది. మేరీ షెల్లీ ‘ఫ్రాంకెన్‌స్టైన్’ (1818)లో శాస్త్రవేత్త తప్పు ప్రాణిని తయారుచేయడం వరకే అనుకుంటే కథ సగమే అర్థమైనట్టు. తయారుచేసి, దాని ముఖం చూసి దడుచుకుని, దిక్కులేకుండా వదిలేశాడు. అసలు విధ్వంసం అక్కడ మొదలైంది.

హెచ్.జి. వెల్స్ ‘ది టైమ్ మెషీన్’ 1895లో వచ్చింది. కాలయాత్రికుడు 8,02,701వ సంవత్సరానికి చేరతాడు. పచ్చని తోటల్లో ఇలోయ్‌లు అనే సుకుమారులు పండ్లు తింటూ, పాడుకుంటూ ఉంటారు. వాళ్లకు పని లేదు, భయం మాత్రం ఉంది. చీకటి పడితే గుంపుగా ఒకచోట చేరి పడుకుంటారు. నేల మీద అక్కడక్కడా బావుల్లాంటి గొట్టాలు. వాటిలోంచి యంత్రాల మోత వినిపిస్తుంది. ఆ కింద ఉండేవాళ్లు మోర్లాక్‌లు. ఒకనాటి కార్మికులు తరతరాలుగా చీకట్లోనే బతికి అలా మారారు. పైవాళ్లకు బట్ట అందించేదీ వాళ్లే, రాత్రుళ్లు వచ్చి పైవాళ్లను తినేదీ వాళ్లే. వెల్స్ తల్లి అప్‌పార్క్ అనే జమీందారీ భవనంలో ఇంటి పనులు చూసే ఉద్యోగి. ఆ భవనంలో పనివాళ్లు తిరగడానికి నేల కింద సొరంగాలున్నాయి. చిన్నప్పుడు ఆ సొరంగాలు చూసిన పిల్లవాడికి భూమి కింద మనుషులుంటారన్న ఊహ గాలిలోంచి రాలేదు.

ఇ.ఎం. ఫార్‌స్టర్ 1909లో ‘ది మెషీన్ స్టాప్స్’ కథలో అందరినీ భూమి కిందికి దింపేశాడు. ఒక్కొక్కరికీ ఒక్కో గది, మీట నొక్కితే తిండీ పానుపూ సంగీతం, దూరాన ఉన్న మనిషి ముఖం పలకలో కనిపిస్తుంది. తల్లీ కొడుకూ ఆ పలకలోనే మాట్లాడుకుంటారు. యంత్రం పాడవుతున్నట్టు అందరికీ తెలుస్తూనే ఉంటుంది. బాగుచేసే విద్య మాత్రం ఎవరికీ గుర్తులేదు.

ఫ్రిట్జ్ లాంగ్ తీసిన జర్మన్ మూకీ చిత్రం ‘మెట్రోపోలిస్’ 1927లో విడుదలైంది. పైన మేడలూ క్రీడావనాలూ, కింద యంత్రశాలలు, ఇంకా కింద కార్మికుల ఊరు. కోపంతో కార్మికులు గుండెకాయ లాంటి యంత్రాన్ని పగలగొడితే జలాశయాలు పొంగి మునిగిపోయేది వాళ్ల ఊరే, నీళ్లలో చిక్కుకునేది వాళ్ల పిల్లలే. ఆనకట్ట కింద బతికేవాళ్లు ఈ దృశ్యాన్ని మిగతావాళ్లలా చూడలేరు.

అన్నింటికన్నా నల్లగొండకు దగ్గరి కథ ప్రాగ్ నగరం నుంచి వచ్చింది. కారెల్ చాపెక్ రాసిన ‘ఆర్.యు.ఆర్.’ నాటకం 1920లో అచ్చయి 1921లో రంగస్థలం ఎక్కింది. లోకానికి ‘రోబో’ అనే మాట ఇచ్చింది ఈ నాటకమే. ఆ పేరు సూచించింది రచయిత అన్న యోసెఫ్. చెక్ భాషలో ‘రోబోత’ అంటే దొర పొలంలో కూలి లేకుండా విధిగా చేయాల్సిన చాకిరీ. మన మాటలో వెట్టి. ఇంగ్లిషులోంచి తెలుగులోకి వచ్చిన అనువాదాలు రోబోను ‘మరమనిషి’ అన్నాయి. ఆ మాట అందంగానే ఉంది కానీ అసలు గాయం అందులో కనిపించదు. ‘వెట్టిమనిషి’ అంటే చాపెక్ ఉద్దేశానికి నూటికి నూరుపాళ్లు సరిపోయేది. నిజానికి చాపెక్ రోబోలు ఇనుపవి కావు. ఒక దీవిలోని కర్మాగారంలో జీవపదార్థంతో పోతపోసిన మనుషుల్లాంటి మనుషులు; చవకగా పడతారు, అలసట అనరు, అడగరు. మనుషులకు ఇక పని ఉండదు, అందరూ హాయిగా బతకొచ్చన్నది యజమానుల ఆదర్శం. చివరికి రోబోలు తిరగబడి మనుషులందరినీ చంపి, ఆల్‌క్విస్ట్ అనే ఒక్కణ్ణి వదిలేస్తారు. అతను తమలాగే చేతులతో పనిచేస్తాడని.

ఈ నాటకం వచ్చిన కాలంలో నిజాం రాజ్యంలోని తెలంగాణ పల్లెల్లో చాకలి, మంగలి, కుమ్మరి, మాదిగ కుటుంబాలు దొర గడీకి వెట్టి చేస్తూనే ఉన్నాయి. 1946 జులై 4న అప్పటి నల్లగొండ జిల్లా కడవెండిలో దొరలను ఎదిరించిన దొడ్డి కొమరయ్య నేలకొరిగాడు. వెట్టికి ఎదురుతిరిగిన పోరాటం సాయుధమైంది. గడీ లోపలి నుంచి చూస్తే ఆ ఊరూ ఒక ఆదర్శలోకమే. నీళ్లు వాటంతటవే వచ్చేవి, బట్టలు వాటంతటవే ఉతికి ఉండేవి.

అద్దాల గోడలు, సోమ మాత్రలు

రష్యాకు చెందిన యెవ్‌గెనీ జమ్యాతిన్ ఓడల నిర్మాణంలో ఇంజినీరు. అతని నవల ‘మేము’ 1924లో ముందు ఇంగ్లిషులో న్యూయార్కులో వెలువడింది; సొంత దేశంలో అచ్చవడానికి 1988 దాకా ఆగాల్సి వచ్చింది. అందులో ఇళ్లన్నీ గాజువి. మనుషులకు పేర్లు లేవు, అంకెలే. కథ చెప్పే ఇంజినీరు డి–503. చివర ప్రభుత్వం ఊహాశక్తిని శస్త్రచికిత్సతో తీసేసే ఏర్పాటు చేస్తుంది. బాధ కలిగించే అవయవం కనుక దాన్ని కోసేయడం సేవే అంటుంది.

ఆల్డస్ హక్స్‌లీ ‘బ్రేవ్ న్యూ వరల్డ్’ (1932) ఇంకా మెత్తనిది, అందుకే ఇంకా భయపెడుతుంది. పిల్లలు సీసాల్లో పుడతారు. పుట్టకముందే ఆల్ఫా నుంచి ఎప్సిలాన్ దాకా అంతస్తులు నిర్ణయమై ఉంటాయి. తక్కువ అంతస్తు శిశువుల ముందు పువ్వులూ పుస్తకాలూ పెట్టి, చేయి చాచగానే విద్యుత్ ఘాతం ఇస్తారు. ఇక జన్మలో పుస్తకం ముట్టరు. ఎవరి మెట్టు మీద వాళ్లు తృప్తిగా ఉండేలా చేయడమే అక్కడి శాస్త్రం సాధించిన ఘనత. దిగులు వస్తే మింగే మాత్ర పేరు సోమ. వేదాల్లోని సోమరసం నుంచి తీసుకున్న మాట. కులం అనే మెట్ల సంగతి పుట్టుకతో తెలిసిన మనకు ఈ నవలలో కొత్త విషయం మెట్లు కాదు. కిందిమెట్టు మనిషి చేత ‘నేనిక్కడే బాగున్నాను’ అనిపించే యంత్రం కొత్తది.

జార్జ్ ఆర్వెల్ ‘1984’ నవల 1949లో వచ్చింది. అందులో ఇంటింటికీ గోడ మీద ఉండే తెర మనం చూసేదే కాదు, మనల్ని చూసేది కూడా. ఇక్కడ ‘మాయాబజార్’ గుర్తుకు రాక మానదు. కె.వి. రెడ్డి తీసిన ఆ సినిమా 1957 మార్చి 27న విడుదలైంది. అందులోని ప్రియదర్శిని పెట్టె తెరిస్తే ఎవరికి ఏది ప్రియమో అది కనబడుతుంది. శశిరేఖకు అభిమన్యుడు, బలరాముడికి దుర్యోధనుడు, రేవతికి నగలు. కృష్ణుడు తెరిస్తే శకుని కనిపిస్తాడు. అందరూ వినోదంగా చూస్తున్న ఆ పెట్టె అందరి మనసులనూ సభలో బయటపెట్టేసింది. ఈ సంగతి తెలిసి ఆ దృశ్యం మళ్లీ చూస్తే, ప్రియదర్శినికీ ఆర్వెల్ తెరకూ మధ్య దూరం ఆ పెట్టె ఎవరి చేతిలో ఉందన్న దానిమీదే ఆధారపడిందని తెలుస్తుంది.

రే బ్రాడ్‌బరీ ‘ఫారెన్‌హైట్ 451’ (1953)లో అగ్నిమాపక దళం పుస్తకాలు తగలబెడుతుంది. చాలామంది మరిచిపోయే సంగతి, ఆ లోకంలో ప్రభుత్వం కన్నా ముందు జనమే పుస్తకం వదిలేశారు. కథానాయకుడి భార్యకు మూడు గోడల నిండా తెరలున్నాయి, నాలుగో గోడకూ కావాలంటుంది.

ఈ వరుసలో చివరగా చెప్పుకోవాల్సింది ఉర్సులా లెగ్విన్ 1973 నాటి చిన్న కథ, ఒమేలాస్ నగరం కథ. పండుగ రోజు, గంటలు, గుర్రాలు, సంతోషం. ఆ ఊళ్లో ఒక భవనం నేలమాళిగలో చీకటి గది, అందులో మలమూత్రాల మధ్య ఒక బిడ్డ. ఊరి సుఖమంతా ఆ బిడ్డ అలా ఉండటం మీదే నిలిచి ఉంది. అది ఊళ్లో అందరికీ తెలుసు. కొందరు మాత్రం చూసి వచ్చాక మాట్లాడకుండా ఊరు విడిచి వెళ్లిపోతారు. ఈ కథలో యంత్రం అక్కరలేకపోయింది. లెక్క ఒక్కటి చాలింది.

2504, 2898

తెలుగు సినిమాలో ఈ వస్తువు రెండుసార్లు పెద్దగా వచ్చింది. సింగీతం శ్రీనివాసరావు దర్శకత్వంలో ‘ఆదిత్య 369’ 1991 జులై 18న విడుదలైంది. కాలేజీ రోజుల్లో చదివిన వెల్స్ నవల ఈ ఊహకు బీజమని దర్శకుడు చెప్పాడు. జంధ్యాల మాటలు, ఇళయరాజా సంగీతం, కృష్ణకుమార్‌గానూ శ్రీకృష్ణదేవరాయలుగానూ బాలకృష్ణ, కాలయంత్రం కనిపెట్టిన ప్రొఫెసర్ రామదాసుగా టిన్నూ ఆనంద్. యంత్రం ముందు 1526 నాటి విజయనగరానికి పోతుంది, తర్వాత 2504కు. ప్రేక్షకులు రాయల కాలాన్నే ఎక్కువ గుర్తుపెట్టుకున్నారు. అందులో ఆశ్చర్యం లేదు. స్వర్ణయుగాన్ని వెనకటి కాలంలో వెతుక్కోవడం మనకు అలవాటు. కానీ ఈ వ్యాసానికి ముఖ్యమైంది రెండో మజిలీ. అణుయుద్ధం తర్వాత నేల మీద రేడియేషన్, అందుకే మనుషులు భూమి కింద. వెల్స్ దగ్గర కార్మికులే కిందికి పోయారు. సింగీతం దగ్గర పైన ఎవరూ మిగల్లేదు. సినిమా నిండా ఇంకో దుర్వినియోగం నడుస్తుంటుంది. ప్రతినాయకుడు రాజవర్మ (అమ్రీష్ పురి) కళ్లకు చరిత్ర అంటే ఎత్తుకురాదగ్గ వజ్రాల గోదాము. వెనక్కి వెళ్లగలిగే శక్తి చేతికొస్తే దోచుకునేవాడు ముందు దోపిడీ గురించే ఆలోచిస్తాడు.

నాగ్ అశ్విన్ దర్శకత్వంలో వైజయంతీ మూవీస్ నిర్మించిన ‘కల్కి 2898 ఏడీ’ 2024 జూన్ 27న వచ్చింది. ఈ చిత్రానికి మార్గదర్శిగా సింగీతం చేరుతున్నారని 2020లో ఆ సంస్థ ప్రకటించింది. రెండు సినిమాల మధ్య ఆ దారం కంటికి కనిపించేదే. కురుక్షేత్రం ముగిసిన రాత్రి, ఉత్తర గర్భం మీదికి అశ్వత్థామ చేసిన ప్రయోగం, కృష్ణుడి శాపం. అక్కడి నుంచి ఆరువేల ఏళ్లు దాటి కథ కాశీలో తేలుతుంది. గంగ ఎండిపోయింది. ఊరంతా ఇసుక, తుప్పు, పెనుగులాట. నెత్తిన తలకిందుల పిరమిడ్ ఆకారంలో కాంప్లెక్స్ వేలాడుతోంది. నీరూ పచ్చదనమూ అన్నీ దానిలోకి పోయాయి. అందులోకి ప్రవేశం యూనిట్లు ఉన్నవాళ్లకే. కథానాయకుడు భైరవ (ప్రభాస్) విప్లవకారుడు కాదు. ఆ యూనిట్లు కూడబెట్టి ఎలాగైనా పైకి చేరాలన్నదే అతని తపన. నాకు ఈ సినిమాలో అన్నింటికన్నా నిజంగా తోచిన సంగతి అదే. కింద ఉన్నవాడు పైలోకాన్ని కూల్చాలని కల కనడు. అందులో తనకో గది కావాలంటాడు.

కాంప్లెక్స్ లోపల సుప్రీమ్ యాస్కిన్ (కమల్ హాసన్) కోసం ప్రాజెక్ట్ కె అనే ప్రయోగం జరుగుతుంటుంది. గర్భం దాల్చగల స్త్రీలను పట్టితెచ్చి, ప్రయోగశాలలో గర్భవతులను చేసి, పిండం నుంచి సారం తీస్తారు. దీపికా పదుకొణె పాత్రకు పేరు లేదు, ఎస్.యు.ఎం–80 అనే గుర్తు ఉంది. సుమతి అన్న పేరు తర్వాత వస్తుంది. జమ్యాతిన్ డి–503, హక్స్‌లీ సీసాలు, స్విఫ్ట్ లపూటా, విశ్వామిత్రుడి తలకిందుల స్వర్గం ఒకేచోట కలిసిన కథ ఇది. వీటన్నింటికీ ముడి అశ్వత్థామ (అమితాబ్ బచ్చన్). ఒకప్పుడు గర్భం మీదికి అస్త్రం మళ్లించినవాడే ఇప్పుడు ఒక గర్భాన్ని కాపాడాల్సి వచ్చింది. యంత్రాల హంగు, పోరాటాల నిడివి కాస్త తగ్గించి ఈ ముడి దగ్గర ఇంకాసేపు నిలబడి ఉంటే సినిమా మరింత బలపడేది.

మూసీ దిగువన

మూసీ వికారాబాద్ దగ్గర అనంతగిరి కొండల్లో పుట్టి, హైదరాబాద్ మీదుగా నల్లగొండ జిల్లాలోకి వచ్చి వాడపల్లి దగ్గర కృష్ణలో కలుస్తుంది. 1908 సెప్టెంబరు 28న ఈ నది పొంగి హైదరాబాదులో వేలమందిని పొట్టన పెట్టుకుంది. ఆ తర్వాత మోక్షగుండం విశ్వేశ్వరయ్య సలహాతో ఎగువన జలాశయాలు కట్టారు: ఉస్మాన్‌సాగర్ 1920లో, హిమాయత్‌సాగర్ 1927లో పూర్తయ్యాయి. నగరానికి వరద భయం తగ్గింది, తాగునీరు దొరికింది. ఇది నిజమైన మేలు, దీన్ని తక్కువ చేసి చెప్పకూడదు. నగరం పెరిగాక ఎగువ నీరు నగరానికే సరిపోయింది. కిందికి దిగే ప్రవాహంలో వానాకాలం తప్పిస్తే మురుగుదే పెద్ద వాటా అయింది.

కేతేపల్లి మండలంలోని మూసీ ప్రాజెక్టు 1963లో పూర్తయింది. పూర్తిస్థాయి నీటిమట్టం 645 అడుగులు, నిల్వ సామర్థ్యం 4.46 టీఎంసీలు. హైదరాబాదుకూ ఈ ఆనకట్టకూ మధ్య నది పొడవునా కత్వలు (చిన్న అడ్డుకట్టలు) ఉన్నాయి. వాటి నుంచి కాల్వలు, కాల్వల కింద వరి. మురుగు ఏడాదంతా ఆగదు కనుక కరవు ఏట కూడా కొన్ని ఊళ్లలో నాట్లు పడ్డాయి. దిగువవాళ్లకు అందినది విషమొక్కటే అయితే సమస్య తేలిక. బువ్వా అందులోంచే వచ్చింది. కత్వ మీదినుంచి నీరు దూకే చోట నురగ తెల్లగా పేరుకుంటుంది. గాలి వీస్తే గడ్డలు గడ్డలుగా లేచి గట్టు మీది గడ్డికి అంటుకుంటుంది. దూరం నుంచి చూసినవాళ్లు పత్తి అనుకోవచ్చు. దగ్గరికి పోతే వాసన చెబుతుంది. 2019 అక్టోబరులో ప్రాజెక్టు గేటు ఒకటి కొట్టుకుపోయి, యాసంగి కోసం దాచుకున్న నీరు కళ్లముందే కిందికి పోయింది.

జిల్లాలో మరో పక్క మరో కల. 1955 డిసెంబరు 10న నందికొండ దగ్గర నెహ్రూ నాగార్జునసాగర్‌కు పునాదిరాయి వేశాడు. 1967లో కాల్వలకు నీరు వదిలారు. ఎడమకాల్వ కింద పొలాలు పచ్చబడ్డాయి. ఎత్తున ఉన్న మునుగోడు, మర్రిగూడ వైపు ఆ నీరు ఎక్కలేదు. అక్కడి జనానికి బోరు వచ్చింది. చేదతో తోడుకునే ఊటబావి పోయి, మీట వేస్తే నీరు పొంగే యంత్రం వచ్చినప్పుడు అది స్వర్గం కిందే లెక్క. కానీ గ్రానైటు పొరల్లో లోతుకు పోయేకొద్దీ నీటిలో ఫ్లోరైడ్ హెచ్చింది. లీటరుకు 1.5 మిల్లీగ్రాములకు మించకూడదన్నది మన దేశ ప్రమాణం. ఏళ్ల తరబడి అంతకన్నా ఎక్కువ తాగినవాళ్ల పళ్లు గారపట్టి, కీళ్లు బిగుసుకుని, కొందరి వెన్ను వంగిపోయింది. చిన్న వయసులోనే కాళ్లు వంకర తిరిగిన పిల్లలు పెద్దవాళ్లయ్యారు. బోరు చెడ్డది కాదు. నీటిని పైకి తెచ్చిన విద్యతోపాటు ఆ నీటిలో ఏముందో చూసే విద్య ఊరికి చేరలేదు. 2016లో మొదలైన మిషన్ భగీరథ పైపుల్లో నది నీరు వచ్చేదాకా చాలా ఊళ్లకు దిక్కు ఆ బోరే.

నాగార్జునసాగర్ జలాశయం చెంతనే లంబాపూర్–పెద్దగట్టు కింద యురేనియం ఉందని తేలింది. 2003లో ప్రజాభిప్రాయ సేకరణ పెడితే ఆ ప్రాంతం జనం వ్యతిరేకించారు. పాత మహబూబ్‌నగర్ జిల్లా అమ్రాబాద్ వైపు నల్లమలలో అన్వేషణ మాట వచ్చినప్పుడు చెంచులు, చుట్టుపక్కల ఊళ్లు ఎదురు నిలిచారు. 2019 సెప్టెంబరులో తెలంగాణ శాసనసభ యురేనియం తవ్వకాలకు వ్యతిరేకంగా తీర్మానం చేసింది. ‘ఆదిత్య 369’లో నేల కిందికి దిగిపోయిన మనుషులను చూసిన తరం ఈ ఊళ్లలోనే ఉంది.

ఫ్లోరైడ్ తీసే ఒక చవక పద్ధతికి ఈ జిల్లా పేరే నిలిచింది. నాగపూర్‌లోని నీరి సంస్థ శాస్త్రవేత్తలు రూపొందించిన ‘నల్గొండ టెక్నిక్’ ఇథియోపియా, టాంజానియా వంటి దేశాల్లోనూ పరిచయమైంది. ఇంట్లో చేసుకునే పద్ధతికి కరెంటు అక్కరలేదు. కుళాయి బిగించిన నలభై లీటర్ల బకెట్టు చాలు. నీళ్లు పోసి, తగినంత సున్నం, పటిక, బ్లీచింగ్ పౌడరు వేసి పది నిమిషాలు నెమ్మదిగా కలియబెట్టాలి. తర్వాత గంటసేపు కదపకూడదు. దూదిపింజల్లాంటి తెల్లటి పొరలు ఫ్లోరైడ్‌ను పట్టుకుని మెల్లగా కిందికి దిగుతాయి. కుళాయిని బకెట్టు అడుగు నుంచి కాస్త ఎత్తున బిగిస్తారు, పేరుకున్నది తాగే నీటిలోకి రాకుండా. పైన తేరిన నీటిని బిందెలోకి పట్టుకున్నాక అడుగున చిక్కటి మడ్డి మిగులుతుంది. నీటిలోంచి తీసిన ఫ్లోరైడ్ అందులోనే ఉంటుంది. రోజూ దాన్ని ఎక్కడో ఒకచోట పారబోయాలి.